పైన్ బోన్సాయ్: ఆకు మాడేది ఇవాళ, తెగులు సోకింది ఎప్పుడో

క్లుప్తంగా: పైన్ బోన్సాయ్‌లో పైకి కనిపించే లక్షణానికీ, అసలు కారణానికీ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి. అందుకే ఆకు ఎర్రబడగానే కొట్టే మందు చాలాసార్లు వృథా అవుతుంది. మాడింది ఏ వయసు ఆకు, ఆకులో ఏ భాగం, ఏ నెల అని చూసుకుంటే చాలా తెగుళ్లు అక్కడే తేలిపోతాయి. నల్లి (మైట్), పేనుబంక, పొలుసు పురుగు మామూలుగా చెట్టును నీరసపెట్టి వదిలేస్తాయి. ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా వేరు కుళ్లు, చిగురు ఎండు తెగులు, కొన్ని దేశాల్లో పైన్ నులిపురుగు.

అక్టోబరు వచ్చేసరికి జపాన్ నల్ల పైన్ బోన్సాయ్‌లో కొమ్మ లోపలి వైపు ఆకులు పసుపు తిరిగి, గోధుమ రంగుకొచ్చి, చేయి తగిలితే చాలు రాలిపోతుంటాయి. కొత్తగా పెంచేవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. నిజానికి అది తెగులే కాదు. ఈ రకంలో సూది ఆకు సాధారణంగా రెండు మూడేళ్లు బతుకుతుంది. వయసు మళ్లిన ఆకులను చెట్టు ఏటా చలికాలానికి ముందు తానే వదిలించుకుంటుంది. ఇదే గోధుమ రంగు మార్చిలో, కిందటేడాది పుట్టిన ఆకుల మీద కనిపిస్తే సంగతి వేరు. మే నెలలో కొత్త చిగురు మీద కనిపిస్తే మరీ వేరు. ఆగస్టులో చెట్టు మొత్తం ఒక్కసారిగా రంగు మారితే ఇక చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

అన్నిటికీ రంగు ఒకటే కావడంతో అందరూ చేసే పని కూడా ఒకటే అవుతోంది: దొరికిన మందేదో తెచ్చి కొట్టేయడం. అమెరికాలో స్థిరపడి పెరట్లో పైన్ బోన్సాయ్ మొదలుపెట్టిన తెలుగువారికి ఈ గందరగోళం మరీ ఎక్కువ. జువ్వి, బోగన్‌విల్లా పెంచిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు.

పచ్చగా ఉంటే బాగున్నట్టు కాదు

మిరప మొక్కకు నీరు అందకపోతే సాయంత్రానికల్లా ఆకు వాలిపోతుంది. పైన్ అలా బయటపడదు. సూది ఆకు మీద మందపాటి మైనపు పొర ఉంటుంది, ఆకు రంధ్రాలు లోతుగా అణిగి ఉంటాయి, లోపలి కణజాలం గట్టిగా ఉంటుంది. ఇదంతా నీటిని పొదుపు చేసుకోవడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటు. దీని ఫలితంగా వేళ్లు పనిచేయడం మానేసిన తర్వాత కూడా ఆకు వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. క్రిస్మస్‌కు నరికి తెచ్చిన చెట్టు ఇంట్లో అన్ని రోజులు పచ్చగా నిలబడేది ఈ గుణం వల్లే. బోన్సాయ్ విషయంలో మాత్రం ఇది మోసం చేస్తుంది. యజమాని రోజూ నీళ్లు పోస్తూనే ఉంటాడు, చెట్టు అప్పటికే చచ్చిపోయి ఉంటుంది.

శిలీంధ్ర తెగుళ్లూ ఇలాగే ఆలస్యంగా బయటపడతాయి. వాన చినుకులతో ఎగిరిపడ్డ సిద్ధబీజం, అంటే శిలీంధ్రానికి విత్తనం లాంటిది, తడి ఆకు మీద మొలకెత్తి లోపలికి దూరుతుంది. అక్కడ చడీచప్పుడు లేకుండా పెరిగి, కణాలు చనిపోయాక గానీ మచ్చగా బయటపడదు. రాగి మందులైనా, మాంకోజెబ్ అయినా ఆకు మీద పొరగా నిలిచి, మొలకెత్తబోయే బీజాన్ని చంపేవే. లోపలికి దూరిన శిలీంధ్రాన్ని అవి తాకలేవు. మచ్చ పడ్డ ఆకు ఏ మందుకూ తిరిగి పచ్చబడదు.

ఇందులో ఇంకో చిక్కుంది. ఏప్రిల్‌లో మాడిన ఆకులు చూసి ఎవరో ఒక మందు కొడతారు. మే, జూన్‌లలో కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి. మందు బ్రహ్మాండంగా పనిచేసిందన్న పేరు వస్తుంది. కొత్త ఆకుకు అప్పటికి తెగులు సోకే రుతువే రాలేదన్న సంగతి ఎవరికీ తట్టదు. పైన్ బోన్సాయ్ మందుల గురించి ప్రచారంలో ఉన్న సలహాల్లో ఇలా పేరు తెచ్చుకున్నవి తక్కువేమీ కాదు.

సూదుల తెగుళ్లు: పోలికలో తేడాలు

ఆకులను రాల్చే తెగుళ్లలో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు: లోఫోడెర్మియం, డోతిస్ట్రోమా. రెంటిలోనూ ఆకులు గోధుమ రంగుకు మారి రాలతాయి. దగ్గరగా చూస్తే మాత్రం రెండూ ఒకదానికొకటి పోలిక లేనివి.

లోఫోడెర్మియం వేసవి చివరి నుంచి శరదృతువు దాకా సోకుతుంది. చలికాలంలో ఆకు మీద చిన్న పసుపు చుక్కలు పడతాయి, వాటిని గమనించేవాళ్లు అరుదు. వసంతంలో ఆకు మొత్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. రాలిన ఆకును చేతిలోకి తీసుకుని భూతద్దంతో చూస్తే, సూది పొడవునా అక్కడక్కడ నల్లటి కోలగా ఉబ్బిన మచ్చలు, ఒక్కో మచ్చకు నడిమధ్య నిలువుగా సన్నటి చీలిక కనిపిస్తాయి. తడి తగిలినప్పుడు ఆ చీలిక తెరుచుకుని బీజాలను వదులుతుంది. అంటే కుండీ మట్టి మీద, కొమ్మల సందుల్లో ఇరుక్కున్న ఎండుటాకులే వచ్చే ఏటి తెగులుకు నిల్వ. వాటిని ఏరి పారేయడం మందు కొట్టడమంత ముఖ్యం. మందు కొట్టాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య, అప్పటికి చెట్టు చూడ్డానికి నిగనిగలాడుతున్నా సరే.

డోతిస్ట్రోమా ఆకు కొస నుంచి మధ్య దాకా మాడ్చి, మొదలు దగ్గర పచ్చగా వదిలేస్తుంది. మాడిన చోట అడ్డంగా ఎర్రటి పట్టీలు కనిపిస్తాయి. శిలీంధ్రం తయారుచేసే ఒక విష పదార్థం రంగే ఆ ఎరుపు. వసంతం చివర, వేసవిలో తడి రోజులు వరసగా వస్తే ఇది విజృంభిస్తుంది. అడవుల పెంపకంలో దీని చరిత్ర చిన్నది కాదు. తూర్పు ఆఫ్రికాలో రేడియాటా పైన్ తోటలను 1960ల నాటికి దాదాపు వదులుకోవలసి వచ్చింది. అదే దశాబ్దంలో తెగులు న్యూజిలాండ్‌కూ పాకింది. అక్కడ మాత్రం చెట్లను వదులుకోకుండా విమానాలతో రాగి మందు చల్లే పద్ధతి పట్టుకున్నారు, తోటలు నిలిచాయి. రాగి మందు సరైన వేళలో, అంటే సోకే కాలానికి ముందు పడితే ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు.

బోన్సాయ్‌లో ఈ రెండు తెగుళ్లకూ ఊతమిచ్చేది ఒకటుంది, గుబురు. చూడముచ్చటగా ఉండాలని కొమ్మలను దట్టంగా పెంచుతారు. అడవిలో గాలికి గంటలో ఆరిపోయే తడి ఈ గుబురులో మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. జపాన్ నర్సరీల్లో శరదృతువులో పాత ఆకులను పట్టకారుతో ఒక్కొక్కటీ లాగేయడం మామూలు పని. లోపలి మొగ్గలకు వెలుతురు అందించడానికని చెబుతారు కానీ, గాలి ఆడటం వల్ల తెగుళ్లకు కలిగే అడ్డంకి కూడా అంతే విలువైనది.

చిగురు ఎండు తెగులు, కత్తెర బాధ్యత

డిప్లోడియా అనే శిలీంధ్రం కొత్త చిగుళ్ల మీద పడుతుంది. వసంతంలో క్యాండిల్ (కొవ్వొత్తిలా నిటారుగా లేచే కొత్త చిగురు) సాగుతుండగానే ఎదుగుదల ఆగిపోతుంది. ఆకులు సగం పొడవులోనే నిలిచి గడ్డి రంగుకొస్తాయి. చిగురు మొదట్లో జిగురు బొట్టుగా కారి గట్టిపడుతుంది. తర్వాత ఆకుల మొదళ్లలో, పాత కాయల పొలుసుల మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు తేలతాయి. ఈ గుర్తులన్నీ ఒకచోట ఉంటే ఇంకో తెగులును అనుమానించాల్సిన పని లేదు.

ఈ తెగులు తీరు మిగతావాటి కన్నా కాస్త గడుసుది. ఆరోగ్యంగా ఉన్న కొమ్మలో కూడా ఏ హానీ చేయకుండా ఇది కాపురం ఉండగలదు. ఎండదెబ్బో, నీటి ఎద్దడో, వడగళ్ల గాయాలో తగిలి చెట్టు బలహీనపడ్డప్పుడే తెగులుగా మారుతుంది. బోన్సాయ్ చెట్టుకు ఆ బలహీనత తెచ్చేది చాలాసార్లు యజమానే. నల్ల పైన్‌కు జూన్, జులైలలో క్యాండిళ్లను తెగ్గోస్తారు. అప్పుడు రెండో విడత చిగుళ్లు వచ్చి ఆకులు పొట్టిగా ఉంటాయి. బలమైన చెట్టుకు ఇది మంచి చికిత్సే. అదే ఏడాది మార్చిలో కుండీ మార్చి వేళ్లు కత్తిరించి, పైగా తీగ చుట్టి కొమ్మలు వంచి, మళ్లీ వేసవిలో క్యాండిళ్లు కోస్తే చెట్టు దగ్గర నిల్వ ఆహారం అడుగంటుతుంది. వానాకాలపు తడిలో తెరిచి ఉన్న కోతలు దానికి తోడు. జపాన్ తెల్ల పైన్‌కు ఏడాదికి ఒక్క విడతే చిగురు వస్తుంది కాబట్టి ఈ కోత దానికి అసలు పనికిరాదు. ఈ తేడా తెలియక పోయిన తెల్ల పైన్లను తెగులు ఖాతాలో రాయడం సబబు కాదు.

నివారణ మందు మొగ్గ ఉబ్బుతున్నప్పుడు మొదలుపెట్టి, క్యాండిల్ సాగే కాలంలో రెండు మూడుసార్లు కొట్టాలి. ఎండిన చిగుళ్లను పొడి రోజు చూసి, ఆరోగ్యంగా ఉన్న కలప దాకా కత్తిరించి తీసేయాలి. కత్తెరను ప్రతి కొమ్మకూ స్పిరిట్‌తో తుడవాలి.

రసం పీల్చేవి

పురుగుల్లో ఎక్కువ అపార్థానికి గురయ్యేది నల్లి. కంటికి ఆనదు, నష్టం మాత్రం కనిపిస్తుంది: ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు, తర్వాత దుమ్ము పట్టినట్టు వెలిసిన బూడిద రంగు. పరీక్ష తేలిక. తెల్లకాగితం కొమ్మ కింద పట్టి, కొమ్మను రెండుసార్లు తట్టాలి. కాగితం మీద దుమ్ము కదలదు, నల్లి కదులుతుంది. వేలితో రాసినప్పుడు ఆకుపచ్చ గీత పడితే ఆకు రసం తాగేది, ఎర్రగానో పసుపుగానో పడితే అది నల్లులను తినే మిత్ర నల్లి అయ్యే అవకాశం ఎక్కువ.

సూది ఆకు చెట్ల మీద తరచూ కనిపించే నల్లి రకం ఒకటి చల్లటి వాతావరణానికి అలవాటు పడింది. అది వసంతంలో, శరదృతువులో చెలరేగి, నడి వేసవిలో తగ్గిపోతుంది. ఆకు వెలిసిపోవడం కంటపడేది మాత్రం ఆ వేసవిలోనే. జులైలో మందు కొట్టేవాళ్లు ఎక్కువగా ఖాళీ ఇంటి మీద కొడుతున్నారు. ఇంకో సంగతి, పేనుబంక కోసం ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు వాడాక నల్లి పెరిగిన సందర్భాలు తోటల్లో, వీధి చెట్లలో నమోదయ్యాయి. నల్లి కీటక జాతి కాదు, ఆ మందుకు లొంగదు. దాన్ని తినే మిత్ర కీటకాలు పోతాయి. మిరప, పత్తి రైతులకు ఈ కథ కొత్తది కాదు. కొమ్మల లోపలికి నీటిని గట్టిగా చిమ్మి వారం వారం కడిగితే నల్లి గుడ్లు పెట్టే వేగాన్ని చాలావరకు అందుకోవచ్చు. తడి త్వరగా ఆరేలా ఆ పని పొద్దున్నే చేయాలి.

పేనుబంకను పట్టించేది చీమలే. కాండం మీద చీమలు బారు కట్టి పైకి పోతున్నాయంటే, పైన పేనుబంక వదిలే తీపి జిగురు, అంటే తేనెబంక, కారుతోందని అర్థం. ఆ బంక మీద నల్లటి మసి తెగులు పెరుగుతుంది. మసి చెట్టులోకి దూరదు, వెలుతురును మాత్రం అడ్డుకుంటుంది. పైన్ పేనుబంకలో కొన్ని రకాలు శరదృతువులో సూది పొడవునా నల్లటి గుడ్లను పూసల దండలా వరసగా పెడతాయి. చలికాలంలో వాటిని చూసి గిల్లేస్తే వసంతంలో మందు అవసరమే రాకపోవచ్చు. అక్షింతల పురుగులు ఉంటే మిగతాది వాటికి వదిలేయొచ్చు.

పొలుసు పురుగు తెల్లగా, మూడు మిల్లీమీటర్ల లోపు, సుద్ద చుక్కలా సూదికి అతుక్కుని ఉంటుంది. పెద్దవాటికి మైనపు కవచం ఉంది కాబట్టి స్పర్శ మందులు దిగవు. గుడ్ల నుంచి బయటపడ్డ ఎర్రటి పిల్లలు కవచం లేకుండా పాకే కొద్ది రోజులే అవకాశం. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో లైలాక్ పూల కాలాన్ని దానికి గుర్తుగా పెట్టుకుంటారు. తోటల కోసం అమ్మే నూనె మందులు, వేప నూనె ఆ దశలో బాగా పనిచేస్తాయి. ఎండ ముదిరిన రోజున నూనె కొడితే మాత్రం ఆకు కాలుతుంది, నీలి ఛాయ ఉన్న రకాల్లో ఆ జిగి కూడా పోతుంది. తెల్ల పైన్ కాండం మీద, ఆకు మొదళ్లలో దూది తునకల్లా కనిపించేవి వేరే జాతి, అడెల్జిడ్‌లు. పిండినల్లి అనుకున్నా నష్టం లేదు, పాత టూత్‌బ్రష్‌తో, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయడమే రెంటికీ మొదటి చికిత్స.

కుండీ లోతు, వేరు కుళ్లు

ఎక్కువ పైన్ బోన్సాయ్‌లను చంపేది ఏ పురుగూ కాదు, వేళ్ల దగ్గర గాలి లేకపోవడం. దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం బోన్సాయ్‌కే ప్రత్యేకం. తడిపిన గిన్నెల స్పాంజిని అడ్డంగా పడుకోబెడితే నీరు కారడం ఆగిపోతుంది. దాన్నే నిలువుగా ఎత్తి పడితే మళ్లీ కారుతుంది. కుండీ మట్టి కూడా అంతే. నీళ్లు పోసి వదిలేశాక అడుగున కొంత ఎత్తు మేర నీరు దిగకుండా నిలిచిపోతుంది. ఆ ఎత్తు మట్టి రేణువుల సైజును బట్టి ఉంటుంది, కుండీ లోతును బట్టి కాదు. ముప్ఫై సెంటీమీటర్ల కుండీలో మూడు సెంటీమీటర్ల తడి పొర లెక్కలోది కాదు. ఐదు సెంటీమీటర్ల బోన్సాయ్ పళ్లెంలో అదే పొర సగానికి పైగా ఆక్రమిస్తుంది.

పైథియం, ఫైటోఫ్తోరా లాంటి వేరు కుళ్లు జీవుల బీజాలకు ఈదే శక్తి ఉంది. వాటికి కావలసింది ఆ తడి పొరే. జపాన్ నుంచి వచ్చే అకడామా అనే కాల్చని మట్టి గుళికలు మొదట బాగానే నీటిని వదులుతాయి. కొన్నేళ్లకు, ముఖ్యంగా గడ్డకట్టే చలి ఉన్నచోట, నలిగి బురదవుతాయి. మూడేళ్లుగా ఒకే తీరున నీళ్లు పోస్తున్నా చెట్టు ఉన్నట్టుండి పసుపు తిరిగిందంటే, మారింది యజమాని అలవాటు కాదు, లోపలి మట్టి. పోసిన నీరు పైన తేలి నిలబడుతుంటే అదే మొదటి హెచ్చరిక. అప్పటికి ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది.

కుండీ విప్పినప్పుడు వేళ్ల చుట్టూ తెల్లటి బూజు చూసి హడలిపోయి శిలీంధ్ర నాశిని పోసేవాళ్లున్నారు. పైన్‌కు ఆ బూజు చుట్టం. దాన్ని మైకోరైజా అంటారు. వేరు చేరలేని సందుల నుంచి నీటిని, భాస్వరాన్ని తెచ్చిచ్చి, బదులుగా చక్కెరలు తీసుకుంటుంది. వేరు కొసలు రెండుగా చీలి పొట్టిగా, మందంగా ఉండి, మట్టి పుట్టగొడుగు వాసన వేస్తుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. వేరు పిండినల్లి కూడా తెల్లగానే ఉంటుంది కానీ, అది పిండి పూసినట్టు కుండీ గోడకు అంటుకుని ఉంటుంది, భూతద్దంలో కాళ్లున్న పురుగు కనిపిస్తుంది. కుళ్లిన వేరు నల్లగా మారి, లాగితే పైతొక్క ఊడి సన్నటి దారం మిగులుతుంది.

అరవై ఏళ్లు అంతుపట్టని ఎండు తెగులు

లక్షణానికీ కారణానికీ మధ్య దూరం ఎంత ఖరీదైనదో చెప్పేది జపాన్ అనుభవం. 1905 ప్రాంతంలో నాగసాకి దగ్గర పైన్ చెట్లు మూకుమ్మడిగా ఎండిపోవడం మొదలైంది. ఎండిన చెట్లలో తొలుచు పురుగులు కనిపించడంతో దశాబ్దాల పాటు నేరం వాటి మీదే మోపారు. చివరికి 1971లో జపాన్ పరిశోధకులు అసలు కారణం తేల్చారు: మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగు. 1934లోనే అమెరికాలో కలప నుంచి తీసి వర్ణించిన జీవి అది. అమెరికా పైన్లు దానితో కలిసి పరిణామం చెందినవి కాబట్టి అక్కడి అడవుల్లో పెద్ద అలజడి లేదు. జపాన్ నల్ల, ఎర్ర పైన్లకు ఆ రక్షణ లేదు.

తొలుచు పురుగు పూర్తిగా నిర్దోషేమీ కాదు. పొడవాటి మీసాల సాయర్ బీటిల్ ఎండిన చెట్టు నుంచి బయటికొస్తూ వేల కొద్దీ నులిపురుగులను మోసుకొచ్చి, వేసవి మొదట్లో ఆరోగ్యంగా ఉన్న లేత కొమ్మలను కొరుకుతుంది. ఆ గాయం గుండా నులిపురుగులు దిగుతాయి. వెచ్చటి వాతావరణంలో నాలుగైదు రోజులకో తరం చొప్పున పెరుగుతాయి. మొదట జిగురు ఆగుతుంది, తర్వాత నీరు ఎక్కడం ఆగుతుంది. వేసవి చివరికి చెట్టంతా ఎర్రబడుతుంది. 1979లో జపాన్ ఒక్క ఏడాదిలో దాదాపు 24 లక్షల ఘనపు మీటర్ల పైన్ కలపను దీనికి పోగొట్టుకుంది. 1980ల్లో చైనా, తైవాన్, కొరియాలకు, 1999లో పోర్చుగల్‌కు ఇది చేరినట్టు బయటపడింది.

బోన్సాయ్ కాండంలో సాయర్ బీటిల్ సంతానం పెరగడానికి మామూలుగా చోటు చాలదు. అయినా అది వచ్చి కొరకడానికి ఒక లేత రెమ్మ చాలు. సోకిన చెట్టుకు చికిత్స లేదు. బీటిల్ ఎగిరే కాలంలో వల కప్పడం, పెద్ద పైన్లకు ముందస్తు ఇంజెక్షన్లు ఇవ్వడం తప్ప దారి లేదు.

జపాన్ తోటల్లో శరదృతువులో పైన్ కాండాలకు గడ్డి చాపలు చుట్టి, వసంతారంభంలో విప్పి కాల్చే ఆచారం ఉంది. అది ఈ తెగులు కోసం కాదు, ఆకులు తినే గొంగళి పురుగుల కోసం. హిమేజీ కోట దగ్గర చేసిన పరిశీలనలో ఆ చాపల్లో దొరికినవాటిలో సాలీళ్లు, మిత్ర పురుగులే ఎక్కువని తేలింది. చూడ్డానికి అందంగా ఉందని కొన్నిచోట్ల ఇంకా చుడుతున్నారు, కొన్ని తోటలు మానేశాయి.

చెట్టుకూ వీసా

1975లో జపాన్ అమెరికాకు 53 బోన్సాయ్‌లను కానుకగా పంపినప్పుడు, అవి జనం ముందుకు రాకముందు మేరీలాండ్‌లోని గ్లెన్ డేల్ క్వారంటైన్ కేంద్రంలో ఏడాది ఉండాల్సి వచ్చింది. అందులో ఒకటి 1625 నుంచి పెంచుతున్న తెల్ల పైన్, హిరోషిమా అణుబాంబును తట్టుకున్నది. అంత గౌరవనీయమైన చెట్టుకూ మినహాయింపు దొరకలేదు. ఆ జాగ్రత్త అతిగా అనిపిస్తే 2001లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టక్‌విలాలో జరిగింది చూడాలి. కొరియా నుంచి వచ్చిన మేపుల్ బోన్సాయ్‌ల నుంచి తొలుచు బీటిళ్లు తప్పించుకున్నాయి. వాటిని అడ్డుకోవడానికి చుట్టుపక్కల చెట్లను వందల సంఖ్యలో నరికేశారు.

ఐరోపా సమాఖ్య 2002లో జపాన్ పైన్ బోన్సాయ్‌లకు పెట్టిన నియమాలు మరీ వివరంగా ఉండేవి: నమోదైన నర్సరీలో కనీసం రెండేళ్లు, ఏడాదికి ఆరుసార్లు తనిఖీ, కుండీలు నేలకు అరమీటరు ఎత్తున బల్లల మీదో, నులిపురుగు దూరలేని కాంక్రీటు మీదో. భారతదేశంలో 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, మొక్క ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. సెలవులకు ఇంటికొస్తూ సూట్‌కేసులో చిన్న పైన్ పెట్టుకొచ్చే ఆలోచనకు ఇదే అడ్డు, ఉండాల్సిన అడ్డే.

మన ఎండలో

హైదరాబాద్, విజయవాడ డాబాల మీద జపాన్ నల్ల పైన్ నెగ్గుకురావడం కష్టం. దానికి చలికాలపు విశ్రాంతి కావాలి. మన రాత్రులు వెచ్చగా ఉండటంతో చెట్టు పగలు చేసుకున్న ఆహారాన్ని రాత్రి శ్వాసలోనే ఖర్చు పెట్టేస్తుంది. అలా నీరసించిన చెట్టు మీదికి ఎర్రనల్లి వస్తే దాన్ని ఆపే మంచు, గడ్డకట్టే చలి ఇక్కడ లేవు. హిమాలయాల దిగువ కొండల చిర్ పైన్ వేడిని మెరుగ్గా ఓర్చుకుంటుంది. అరకు, కొడైకెనాల్ తోటల్లో పైన్లు పెరుగుతున్నాయి కదా అంటే, అక్కడ ఎత్తు వల్ల దొరికే చల్లదనం, వేళ్లకు దొరికే లోతు బోన్సాయ్ పళ్లానికి ఉండవు.

విదేశీ పుస్తకాల్లోని మందుల క్యాలెండర్‌ను కూడా ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం. అక్కడ తడి వసంతంలోనో, శరదృతువులోనో వస్తుంది. తెలుగు నేల మీద ఆకులు గంటల తరబడి తడిగా ఉండేది ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా. కాబట్టి ఎండుటాకులు ఏరడం, గుబురు పలచన చేయడం, రాగి మందు మొదటి విడత కొట్టడం తొలకరికి ముందే ముగియాలి. ముసురు పట్టిన రోజుల్లో చెట్టును వాన నేరుగా పడని, గాలి ఆడే చోటికి జరపాలి. అది కుదరకపోతే, వాన తెరిపిచ్చినప్పుడల్లా కుండీని ఒక పక్కకు వాల్చి పెడితే చాలు, అడుగున నిలిచిన నీరు కొంతైనా దిగిపోతుంది.